మద్ది బెరడుకు ఒక బల్ల ఇవ్వలేమా?

మొన్న మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పచ్చడి పంచే చోట మా అమ్మ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. అందులో గుండెకు మంచిదని తాగే తెల్లమద్ది బెరడు కషాయం. పది నిమిషాలైనా కాకముందే కమిటీ కుర్రాడొకడు వచ్చి, "సారీ ఆంటీ, ఇంట్లో కాచిన మందులు పంచకూడదు, ఇన్సూరెన్స్ ప్రాబ్లెమ్" అన్నాడు. అమ్మ మారు మాట్లాడకుండా మూత బిగించేసింది. మూడు బల్లల అవతల స్పాన్సర్ గారు అదే బెరడుతో చేసిన క్యాప్సూళ్ళు అమ్ముతున్నారు. వాటికి మైకులో ప్రకటన కూడాను!

మాది జంగారెడ్డిగూడెం వైపు. గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి మద్దిచెట్టు దగ్గరే కొలువున్నాడు కాబట్టి ఆ చెట్టంటే అమ్మకు భక్తీ, భయమూ. బెరడు ఒక పక్కనే, నిలువుగా, కొంచెమే తీయనిచ్చేది. చుట్టూ వలిస్తే చెట్టు చచ్చిపోతుంది మరి. నీడన ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించేది. ఆయుర్వేద శాస్త్రంలో క్షీరపాకానికి, అంటే పాలల్లో కాచే కషాయానికి, బెరడు 1 వంతు, పాలు 8, నీళ్ళు 32 అంటారు. అమ్మది గ్లాసు లెక్క: చెంచాడు పొడి, గ్లాసు పాలు, నాలుగు గ్లాసుల నీళ్ళు. సన్న సెగ మీద నీళ్ళన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా కాయాలి. పటికబెల్లం ఎంత వేసినా వగరు పోదు. చిన్నప్పుడు నేను ఆ వాసనకే పెరట్లోకి పారిపోయేవాణ్ణి.

ఇది గుండెను కాపాడుతుందని నేను వాదించను. మా నాన్న ఏళ్ళ తరబడి తాగారు, అయినా స్టెంట్లు తప్పలేదు. రక్తం పలచబడే మాత్రలు మొదలుపెట్టాక డాక్టరు కషాయం ఆపమంటే, ఆ సాయంత్రమే ఆపేసిన మనిషి మా అమ్మ. కాబట్టి కమిటీ భయం అర్థం లేనిదేమీ కాదు. ఎవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో తెలియకుండా కప్పులు పంచడం తప్పే, ఒప్పుకుంటాను. మరి ఆ జాగ్రత్త క్యాప్సూళ్ళ సీసాకు ఎందుకు లేదు? లేబులుంటే మందు, ఫ్లాస్కులో ఉంటే ప్రమాదమా?

ఆగస్టు పిక్నిక్‌లో ఒక చిన్న బల్ల ఇవ్వండి. తాగించం, కాచి చూపిస్తాం అంతే. మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడగాలని బోర్డు నేనే రాసి పెడతాను. అలాంటిదే ఒకటి స్పాన్సర్ గారి బల్ల మీదా పెట్టించండి. అమ్మ తిరుగు టికెట్ ఆ నెలాఖరుకే. డబ్బాలో పొడి ఇంకా సగం ఉంది.