టెలికాం షేర్లు: ధర కాదు, బాకీ చూడాలి

ఐటీ షేర్లు నీరసించినప్పుడు ఫండ్ల సొమ్ము నిలకడైన గిరాకీ ఉన్న టెలికాం వంటి రంగాలవైపు మళ్లడం మార్కెట్లో కొత్త కాదు. జీతమూ, కంపెనీ ఇచ్చిన షేర్లూ రెండూ ఐటీతోనే ముడిపడిన మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులు తమ పొదుపులో కొంత మరో రంగానికి మార్చుకోవాలనుకోవడం సబబే. అయితే సొమ్ము ఇలా మళ్లినప్పుడు ఆ రంగంలోని మంచి కంపెనీతోపాటు మునుగుతున్న కంపెనీ షేరూ కొన్నాళ్లు పైకి లేస్తుంది. పది రూపాయల షేరు వెయ్యి రూపాయల షేరుకంటే చౌక అన్న భ్రమ చిన్న మదుపరిని పట్టుకునేది అప్పుడే.

టెలికాం కంపెనీలు సర్కారుకు చెల్లించే లైసెన్సు ఫీజును లెక్కగట్టేటప్పుడు వడ్డీ, అద్దె, డివిడెండ్ వంటి ఇతర రాబడులనూ కలపాల్సిందేనని 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలా లెక్కగట్టే రాబడినే ఏజీఆర్ (సర్దుబాటు చేసిన స్థూల రాబడి) అంటారు. ఆ ఏజీఆర్ బకాయిల భారంతో ఒకే త్రైమాసికంలో ఎయిర్‌టెల్ రూ.23,045 కోట్లు, వొడాఫోన్ ఐడియా రూ.50,922 కోట్ల నష్టం చూపాయి. లాభమే లేనప్పుడు ధరకూ లాభానికీ ఉండే నిష్పత్తి ఏ దారీ చూపదు. కానీ 2020 జనవరిలోనే ఎయిర్‌టెల్ దాదాపు 300 కోట్ల డాలర్లు సమీకరించగలిగింది. దెబ్బ తగిలాక కూడా పెట్టుబడి తెచ్చుకోగల ఈ సత్తాయే అసలు విలువ. దాన్ని గుర్తించి ఓపిక పట్టినవారికి 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జులై టారిఫ్ పెంపులు కలిసొచ్చాయి.

రెండో కంపెనీ వొడాఫోన్ ఐడియాలో జరిగింది వేరు. 2024 ఏప్రిల్‌లో అది రూ.11 ధరకు రూ.18,000 కోట్లు సేకరించింది. ఏడాది తిరగకముందే షేరు ఏడు రూపాయల దిగువకు జారింది. ఆ తరువాత, 2025 ఏప్రిల్‌లో, రూ.36,950 కోట్ల స్పెక్ట్రమ్ (ఫోన్ సిగ్నళ్లకు వాడే రేడియో తరంగాలు) బాకీకి బదులుగా కేంద్రం పది రూపాయల చొప్పున షేర్లు తీసుకుంది. లెక్క వేస్తే 3,695 కోట్ల కొత్త షేర్లు! మొత్తం షేర్లు సుమారు 7,139 కోట్ల నుంచి 10,834 కోట్లకు పెరిగాయి. ఒక్క షేరు కూడా అమ్మని పాత మదుపరికి కంపెనీలో ఉన్న వాటా దాదాపు మూడో వంతు కరిగిపోయింది. కంపెనీ నిలబడాలంటే ఈ ఊరట అవసరమే, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కంపెనీ బతకడం వేరు, వాటాదారు బాగుపడడం వేరన్నదే మా ఆందోళన.

స్పెక్ట్రమ్ సొంత భూమి కాదు, కౌలు భూమి. వేలంలో కొన్న తరంగాలకు గడువు 20 ఏళ్లు, ఆ తరువాత మళ్లీ కొనాల్సిందే. కౌలు కట్టకముందే పంట డబ్బును లాభమనుకునే రైతు ఉండడు. అలాగే ఒక్కో వినియోగదారుపై వచ్చే సగటు ఆదాయం పెరిగిందన్న వార్త విన్న మదుపరి, అందులో స్పెక్ట్రమ్ వాయిదాలకూ వడ్డీకీ పోగా మిగిలేదెంతో అడగాలి. 2008లో రూ.800 దాటిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ షేరును పడినప్పుడల్లా మరికొంత కొని యావరేజ్ చేసినవారు, అంటే సగటు కొనుగోలు ధర తగ్గించుకున్నవారు, 2019లో అది దివాలా ప్రక్రియలోకి వెళ్లేసరికి దాదాపు పూర్తిగా నష్టపోయారు.

అమీర్‌పేట హాస్టల్ గదిలో ఉద్యోగార్థి ఫోన్లో ట్రేడింగ్ యాప్ తెరిస్తే ముందుగా కళ్లబడేది ధర, దాని పక్కన పచ్చగానో ఎర్రగానో మెరిసే ఆ రోజు మార్పు. సర్కారు బాకీ ఎంతో, అయిదేళ్లలో షేర్లు ఎన్ని పెరిగాయో తెలియాలంటే పేజీలు దాటి వార్షిక నివేదిక దాకా వెళ్లాలి, అదీ ఇంగ్లిష్‌లో. కొనుగోలు మీట నొక్కకముందే ఈ రెండు అంకెలూ ధర పక్కన, తెలుగులో కూడా కనిపించేలా బ్రోకరేజీ సంస్థలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించాలి.