సీసీ రోడ్డు మీద ఐదు సాళ్లు

మేముండేది కూకట్‌పల్లి, పొలం మాత్రం శంకర్‌పల్లి అవతల. పొలం అనగానే ఎకరాలు ఊహించుకోకండి, 20 గుంటలు, అంటే అరెకరం. పన్నెండు మామిడి చెట్లు, వాటి మధ్యలో ఆదివారం పూట మాత్రమే రైతునయ్యే నేను. దున్నించాలంటే ఊళ్లో ట్రాక్టర్ వాళ్లని బతిమాలాలి, వాళ్లేమో "చెట్ల నడుమ బండి తిరగది సారూ, మీ అరెకరానికి డీజిల్ కూడా గిట్టది" అని ఫోన్ పెట్టేస్తారు. ఇది చూసి చూసి మా బావమరిది ఎక్కడో ఒక సెకండ్ హ్యాండ్ బుల్లి ట్రాక్టర్ పట్టాడు. 15 హార్స్‌పవర్, ఒక్కటే సిలిండర్, తోటల్లో తిరిగే రకం, పైగా ఐదు నాగళ్ల కల్టివేటర్ ఫ్రీ.

"బావా, బుల్లెట్ బండి లెక్కనే, కాకపోతే నాలుగు చక్రాలు" అన్నాడు.

బుల్లెట్ అన్నప్పుడే నాకు డౌట్ రావాల్సింది. ఒక్క సిలిండర్ అంటే ఊపుడు, అదీ ఇలాంటి అలాంటి ఊపుడు కాదు, స్టార్ట్ చేసి బానెట్ మీద చాయ్ గ్లాసు పెడితే అది తనంతట తానే నడుచుకుంటూ అంచుదాకా వెళ్లి కిందికి దూకింది, సగం చాయ్ ఇంకా అందులోనే ఉంది.

ఇక అసలు సంగతి. సీటుకి కుడిపక్కన రెండు లివర్లు ఉంటాయి. ఒకటేమో నేల గట్టిగా తగిలి లాగుడు ఎక్కువైతే నాగళ్లని దానికదే కాస్త పైకి లేపడానికి, దాని జోలికి నేను పోలేదు, అర్థం కాని వాటికి నేను గౌరవం ఇస్తా. రెండోది సింపుల్, పైకి లాగితే వెనకున్న కల్టివేటర్ లేస్తుంది, కిందికి తోస్తే దిగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. మా లివర్‌తో పేచీ అంతా ఆ ఆగడం దగ్గరే. ఇంజన్ ఊపుకి వేలెడు, ఇంకో వేలెడు, అలా వంటింట్లో పాలగిన్నె వైపు పోయే పిల్లిలాగా చప్పుడు చెయ్యకుండా కిందికి జారుతుంది. మనం వెనక్కి తిరిగి చూస్తే మాత్రం కదలదు.

మొదటి ఆదివారం ఊళ్లో షెడ్డు నుంచి పొలానికి బయల్దేరా. దారిలో కొత్త సీసీ రోడ్డు, నీళ్లు పట్టడానికి కట్టిన మట్టి గట్లు అప్పుడే తీసేశారు. తలకి టోపీ, కళ్లకి కూలింగ్ గ్లాసెస్, వెనక కార్లో మా ఆవిడా పిల్లలూ. అరుగుల మీద కూర్చున్న వాళ్లందరూ లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. సిటీ వాడు ట్రాక్టర్ నడిపితే ఊళ్లో ఇంత విలువుందా అని నేనూ చెయ్యి ఊపా. మా ఆవిడ హారన్ మీద హారన్ కొడుతోంది, ఉత్సాహం కాబోలు అనుకున్నా. గర్ర్‌మని ఏదో సౌండు కూడా వస్తోంది, కానీ ఆ బండిలో గర్ర్‌మనని పార్టు ఏముంది కనక.

చివరికి మా పక్క పొలం కాకా రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆపాడు. నోట్లో చుట్ట తీసి, నా వెనక వైపు తాపీగా చూసి,

"సాలు మంచిగ వడ్డది సారూ. ఇగ ఇత్తనాలు ఏసుడే తక్కువ" అన్నాడు.

దిగి చూస్తే 40 అడుగుల పొడవున ఐదు గీతలు. ఒక్క వంకర లేదు. నిజం చెప్పాలంటే పొలంలో అంత స్ట్రెయిట్‌గా నేను ఇప్పటికీ దున్నలేదు.

ఆ రోజు నుంచి లివర్‌ని కట్టేసే ఉద్యమం మొదలైంది. ఫస్టు సుతిలి తాడు. రెండు గతుకులకే వదులైంది. తర్వాత బావమరిది సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి, లివర్‌ని పైకి లాగి సీటు కమ్మీకి బిగించాడు. మన దేశంలో ట్యూబు ముక్కతో ఆగని వస్తువు లేదని వాడి నమ్మకం. నిజంగానే ఆగింది, కానీ ట్యూబు దాన్ని చివరిదాకా గుంజి పెట్టడంతో నాగళ్లని ఆయిల్ ప్రెషర్‌తో లేపే హైడ్రాలిక్ లోపల ఇంకా పైకి లేపడానికి ప్రెషర్ కొడుతూనే ఉంది, ఎక్కువైన ప్రెషర్‌ని బయటికి వదిలే రిలీఫ్ వాల్వు కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమని ఒకటే అరుపు. ఊళ్లో నిజం కుక్కలు దానికి జవాబివ్వడం మొదలుపెట్టాయి. మూడోది కేబుల్ ట్యాగులు. గట్టివే, అయితే పొలంలో ప్రతి సాలు చివర నాగళ్లు లేపాలి, తిప్పాలి, దించాలి, అంటే ప్రతిసారీ ఒక ట్యాగు కొయ్యాలి, ఇంకోటి వెయ్యాలి. అరెకరానికి 22 ట్యాగులు పట్టాయి. దున్నిన దాని కంటే కత్తెర వెతికిన టైమే ఎక్కువ.

నాలుగోది మా ఆవిడ జడ క్లిప్పు, పళ్లున్న ఆ పెద్ద క్లచ్చరు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ అన్నిట్లోకీ అదే బాగా పనిచేసింది. కాకపోతే గులాబీ రంగుది, దాని మీద సీతాకోకచిలుక. ఊళ్లో మా బండికి పేరు కూడా పెట్టేశారు, అది ఇక్కడ రాయను.

ఇది ఇలా కాదని స్పేర్ పార్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ పోయా. రాణిగంజ్ సంగతి తెలిసిందే కదా, అక్కడ దొరకని నట్టూ బోల్టూ లేదు, కానీ మనం అడిగే పద్ధతిలో అడగాలి. "భయ్యా, లివర్ జారుతోంది, ఏదైనా…" అనేలోపే "శాంపిల్ తెచ్చినవా?" అన్నాడు. ఫోన్లో ఫొటో చూపించా. "ఫొటో గాదు, శాంపిల్." పక్క షాపులో కూడా అదే మాట. ఐదో షాపాయన మాత్రం కాస్త దయగలవాడు, చాయ్ తాగుతూ చెప్పాడు, లివర్ మొదట్లో ఒక ఫ్రిక్షన్ వాషర్ ఉంటది, దాన్ని స్ప్రింగూ నట్టూ నొక్కి పడతాయి, ఆ రాపిడే లివర్‌ని ఆపేది, వాషర్ అరిగినా ఆయిల్ తాగినా జారుడే అని. వివరంగా చెప్పాక ఆయన కూడా "శాంపిల్ తీస్కరా" అన్నాడు.

ఆ రాత్రి పడుకోకుండా ఫోన్లో ఇదే చదివా. ట్రాక్టర్‌కి వెనక నాగళ్లని పట్టుకుని లేపే ఈ మూడు చేతుల ఏర్పాటు ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన పుణ్యం, 1939లో ఫోర్డ్‌తో కలిసి తెచ్చిన ట్రాక్టర్‌తో ఇది బాగా ప్రచారంలోకొచ్చింది. అంతకుముందు నాగలిని వెనక లాక్కుపోయేవాళ్లు, అది బండరాయికి తట్టుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి డ్రైవర్ మీదే తిరగబడేది. అంటే జనాల ప్రాణాలు కాపాడిన మెషీన్‌కి నేను జడ క్లిప్పు పెట్టా. నాకే బాధేసింది.

తర్వాతి ఆదివారం వాషర్ విప్పుదామని స్పానర్లు ముందేసుకుని కూర్చున్నాం. ఇంతలో కాకా మనవడు వచ్చాడు, పెద్ద ట్రాక్టర్ డ్రైవరు. బండి చుట్టూ ఒక రౌండు కొట్టి, సీతాకోకచిలుకని చూసి ఏమీ అనకుండా (అదే ఎక్కువ తగిలింది), వంగి సీటు కిందికి చెయ్యి పెట్టాడు.

"అన్నా, ఈ నాబ్ ఎందుకు మొత్తం ఇప్పిండ్రు?"

"అది సీటుది కదా? గతుకుల్లో ఎగిరేస్తోందని నేనే తిప్పుతుంటా, మెత్తగా అవడానికి."

వాడు చాలాసేపు నన్నే చూశాడు. అది సీటుది కాదంట. నాగళ్లు ఎంత స్పీడుగా దిగాలో దానితో సెట్ చేస్తారు, మొత్తం బిగిస్తే హైడ్రాలిక్ లాక్ అయిపోతుంది, లివర్ పైనుంచి కిందిదాకా జారినా కల్టివేటర్ అంగుళం కూడా దిగదు. రోడ్డెక్కే ముందు అందరూ చేసే పని అదేనంట. ఒక్కసారిగా నాకు అన్నీ గుర్తొచ్చాయి. ఒక వారం నాగళ్లు ధబేల్‌మని పడటం, ఇంకో వారం ఎంత తోసినా దిగకపోవడం, నేనేమో ఆయిల్ బాగాలేదని రెండుసార్లు మార్పించడం. అంతా నా సీటు సుఖం కోసమే జరిగిందన్నమాట.

"బావా, మొత్తం ఇప్పినా నీకు సీటు మెత్తగనే అనిపించిందా?" అని బావమరిది అమాయకంగా అడిగాడు. వాడితో రెండు వారాలు మాట్లాడలేదు.

వాషర్ కూడా మార్చాం లెండి, ఈసారి పాతది జేబులో వేసుకుని పోతే రాణిగంజ్‌లో రెండు నిమిషాల్లో పనైపోయింది. నట్టు బిగించాక లివర్ పెట్టిన చోటే ఉంటోంది. క్లిప్పు మా ఆవిడకి తిరిగిచ్చా, గ్రీజు మరకలు చూసి పూజగది వైపు కూడా తేవద్దంది.

మిగిలింది రోడ్డు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడి, సిమెంటు నాదే, మేస్త్రీ కూలీ నాదే అని తేల్చారు. గీతలన్నీ పూడ్చి నున్నగా చేయించి, హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకుంటుంటే నలుగురు పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి అక్కడ ఆగిపోయారు. మొహాలు మాడిపోయి ఉన్నాయి. నెల రోజులుగా ఆ ఐదు గీతల మధ్య నాలుగు లేన్లు పెట్టుకుని వాళ్లు రోజూ రన్నింగ్ రేస్ ఆడుతున్నారంట.

"సార్, మళ్ల ఎప్పుడు గీస్తరు?" అన్నాడు అందరికంటే చిన్నోడు.