రొయ్యల గుంట ఫెలోషిప్పు

విదేశీ చదువుకు స్కాలర్‌షిప్పులు ఎక్కడున్నాయని పిల్లలు రాత్రంతా ఫోన్లో వెతుకుతున్నారు. అనవసరపు శ్రమ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ వ్యవస్థ ఎప్పట్నుంచో పకడ్బందీగా నడుస్తోంది. ప్రభుత్వ గుర్తింపు ఒక్కటే తక్కువ.

అందులో అగ్రస్థానం రొయ్యల గుంట ఫెలోషిప్పుది, అంటే రొయ్యలమ్మిన డబ్బుతో కొడుకు చదువు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు తండ్రి గుంటలో రొయ్య పిల్లల్ని వదిలే రోజుల్లోనే కొడుకు అమెరికా చదువుకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోచింగ్‌లో చేరతాడు. ఇద్దరి చూపూ అమెరికా మీదే. కాకపోతే 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్యతో సహా చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మీ సరుకు అమ్ముడుపోవడం లేదు కదా అని అక్కడి యూనివర్సిటీ ఏదీ సెమిస్టర్ ఫీజు తగ్గించలేదు. ఇందులో అన్యాయమేమీ లేదు. రొయ్యను ఐస్ పెట్టి, కంటైనర్ మాట్లాడి పంపాలి. అబ్బాయి తన టికెట్ తానే కొనుక్కుని వెళ్తాడు. దిగుమతికి ఏది లాభమో వాళ్ళకు తెలియదా?

ఒంగోలు వైపు ఇదే పని పొగాకు వేలం చేస్తుంది.

తర్వాతిది బ్యాలెన్స్ చూపించే పథకం. వీసా కావాలంటే ఖాతాలో డబ్బు కనపడాలి. బ్రిటన్ వరసగా 28 రోజులు ఉంటే చాలంటుంది. చూపించడానికి ఆ డబ్బును రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చే పెద్దమనిషికి మాత్రం నెలంటే 30 రోజులు. ఆ మిగతా రెండు రోజుల వడ్డీ ఎవరు భరించాలో రెండు ప్రభుత్వాలూ కూర్చుని తేల్చుకోవాలి. బ్యాంకు విద్యా రుణం వడ్డీకి పాత పన్ను విధానంలో 8 ఏళ్ళ దాకా మినహాయింపు ఇస్తున్నారు. ప్రామిసరీ నోటు ఏం పాపం చేసింది?

అసలు స్కాలర్‌షిప్పులు లేవా అంటే ఉన్నాయి. వాటి షరతులే అవమానకరం. అమెరికా చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ, బ్రిటన్ చదువుకిచ్చే చీవ్‌నింగ్ లాంటివి ఖర్చులు భరించి, చదువయ్యాక స్వదేశానికి తిరిగి రమ్మంటాయి. చీవ్‌నింగ్ అయితే కనీసం రెండేళ్ళు ఇక్కడే ఉండమంటుంది. ఉండేదానికైతే పంపడమెందుకు? పైగా వ్యాసాలు అభ్యర్థే రాయాలట. నాలుగెకరాలు అమ్మడానికి సంతకం చాలు. నాలుగు పేజీలు రాయాలంటే ఆలోచించాలి.

జర్మనీ మరీ విచిత్రం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. వీసా కోసం, ఒకేసారి తీయడానికి వీల్లేని బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేస్తే, నెలకు 992 చొప్పున మన డబ్బు మనకే ఇస్తారు. ఈ సంగతి బంధువులకు తెలిస్తే? "ఏంది బావా, ఊరికే వచ్చే కాలేజీలో చేర్పించావా పిల్లోణ్ణి?" అంటారు. అమెరికాలో పీహెచ్‌డీకైతే చాలా యూనివర్సిటీలు ఫీజు తీసేసి నెలకింత అని ఇస్తాయి కూడా. కానీ ఐదారేళ్ళు పడుతుంది. అప్పటిదాకా కట్నం రేటు నిలబడుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ఇన్ని చిక్కులు పడలేని వాళ్ళకు నెల్లూరు స్వర్ణాల చెరువు ఉంది. మొహర్రం నెలలో రొట్టెల పండగకు వెళ్ళి, కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి విద్యా రొట్టె అందుకుంటే సరి. ఎందుకు చదవాలో రాసిమ్మనే ఎస్‌ఓపీ అడగరు, తాకట్టు అడగరు, ఏ మతమని కూడా అడగరు. అనుకున్నది జరిగాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. అంటే ఇక్కడా తిరిగి రావాలన్న షరతు ఉంది గానీ, అబ్బాయి బదులు వాళ్ళమ్మ వస్తే ఒప్పుకుంటారు.