చలికి పట్టం కట్టిన డెలీల్ దొర

వేడి పెరిగితే అంకె పెరగాలని ఏ శాస్త్రంలో రాసి ఉందండీ? బళ్లో చెప్పారు, మనం తలూపాం, అంతే. ఫ్రెంచి ఖగోళవేత్త జోసెఫ్ నికొలా డెలీల్ మాత్రం తలూపలేదు. 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పాదరసం థర్మామీటరు చేసి, మరిగే నీటి దగ్గర సున్నా పెట్టి, చల్లబడే కొద్దీ అంకె పెంచుకుంటూ పోయాడు.

ఆయన్ని రష్యాకి పిలిచింది పీటర్ చక్రవర్తి. ఈయన చేరేసరికి చక్రవర్తి కన్నుమూశాడు గానీ, చలి మాత్రం చెప్పిన చోటే ఉంది. ఆ ఊళ్లో లెక్కపెట్టదగ్గ సరుకు కూడా అదే. పాదరసం ఎంత కుంచించుకుందో లక్షో వంతుల్లో కొలిచాడు కనుక గొట్టం పక్కన గీతలే 2,400 దాకా తేలాయి. కనురెప్పలు అతుక్కుపోయే చలిలో ఆ గీతల్లో మనకి కావలసింది ఏదో వెతుక్కోవడమే ఒక వ్యాయామం. ఒళ్లు వెచ్చబడేది. 1738లో వైట్‌బ్రెక్ట్ అనే శరీరశాస్త్ర పండితుడు జాలిపడి, నీరు గడ్డకట్టే చోటుని 150గా ఖరారు చేశాడు.

ఈ పద్ధతిలోని రాజనీతిని లోకం సరిగ్గా గుర్తించలేదు. సెల్సియస్‌లో మైనస్ 20 అంటే ఎంత దైన్యంగా ఉంటుంది! డెలీల్ లెక్కలో అదే 180. చలి ఎంత ముదిరితే అంత అభివృద్ధి. జ్వరం సంగతి చూడండి: మామూలు ఒంటికి 94.5, ఒళ్లు కాలిపోతుంటే 90. "తగ్గిందండీ" అని వైద్యుడు అబద్ధమాడకుండా చెప్పి ఫీజు పుచ్చుకోవచ్చు.

పాపం, పాదరసమే పరువు తీసింది. 1734-35 చలికాలంలో సైబీరియాలోని యెనిసేయ్స్క్‌లో గ్మేలిన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చూస్తే, ఫారెన్‌హీట్ లెక్కలో మైనస్ 120 కనబడింది. అంత చలేమీ లేదు. పాదరసం గడ్డకట్టి, ఒక్కసారిగా కుంచించుకుని బుడ్డిలోకి దిగిపోయింది. పాదరసం గడ్డకడుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు కనుక ఆ అంకె దర్జాగా పుస్తకానికెక్కింది. 1759 డిసెంబరులో బ్రౌన్, లొమనోసోవ్ అనే సెయింట్ పీటర్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు మంచులో నత్రికామ్లం కలిపి థర్మామీటరుని ముంచారు. బుడ్డి పగలగొడితే లోపల గట్టి లోహం. సుత్తితో కొడితే సీసంలా సాగింది. అంటే డెలీల్ కొలతలో దాదాపు 208 దాటాక థర్మామీటరు చెప్పేదంతా కట్టుకథే.

అయినా రష్యా ఈ తలకిందుల కొలతని సుమారు వందేళ్లు వాడింది. స్వీడన్‌లోని ఉప్సలాలో సెల్సియస్ కూడా 1742లో మరిగే నీటికి సున్నా, మంచుకి 100 పెట్టి ఇదే దారి పట్టాడు. 1744లో ఆయన పోగానే స్వదేశీయులు దాన్ని తిరగేసి, పేరు మాత్రం ఆయనదే ఉంచారు. లొమనోసోవ్ కూడా ఊరుకోలేదు: డెలీల్ 150 డిగ్రీలనే తీసుకుని, సున్నాని మంచు దగ్గర పెట్టి సొంత కొలత చేసుకున్నాడు.

గిట్టనివాళ్లు ఇంకో వంక పెడతారు: గారెలు వేగే నూనె, 180 సెల్సియస్ అనుకుంటే, డెలీల్ లెక్కలో మైనస్ 120 అవుతుందట. అవుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ వేధశాలలో గారెలు వండిన దాఖలా ఎవరైనా చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.