సహజంగా ఉండండి, కదలకండి

మా అక్కయ్య మనవరాలు ఈ మధ్య ఒకే సాయంత్రం ఏడుసార్లు మొట్టమొదటి అడుగు వేసింది. మానవజాతి చరిత్రలో ఇలాంటిది మునుపు ఎప్పుడైనా జరిగిందేమో పెద్దలు చెప్పాలి. నేనైతే కళ్ళారా చూశాను. ఆ ఏడింటిలో నిజంగా మొదటిది మొదటిదే. దానికి మాత్రం ఫోటో లేదు. ఆ సమయంలో మా బావగారు లెన్స్ మారుస్తున్నారు.

బావగారు ఉద్యోగంలో ఉన్నంతకాలం మంచివారే. పదవీ విరమణ చేశాక కొందరికి భక్తి పట్టుకుంటుంది, కొందరికి మోకాళ్ళ నొప్పి పట్టుకుంటుంది. ఈయనకు కెమెరా పట్టుకుంది. నిత్యజీవితాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ పట్టుబడుతున్న జీవితం మాది. ఇలాంటివారు మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. లేకపోతే మీరే అయి ఉంటారు. మీరే అయితే ఇక్కడితో ఆపేసి, వెళ్ళి బ్యాటరీ చార్జింగులో పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం జరిగింది ఇదీ. పిల్ల బల్ల కాలు పట్టుకుని నిలబడి ఉంది. ఏమనుకుందో ఏమో, వదిలేసింది. ఒక అడుగు, ఇంకో అర అడుగు, ఆపైన దభీమని కూర్చుంది. మా మేనకోడలు కేక పెట్టింది. అక్కయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతలో వెనక నుంచి గొంతు: “ఎవరూ ముట్టుకోకండి! దాన్ని మళ్ళీ బల్ల దగ్గర నిలబెట్టండి.”

నిలబెట్టాం. రెండోసారి ముఖం మీద నీడ పడింది. మూడోసారి అంతా కుదిరింది కానీ, వెనక తీగ మీద ఆరేసిన తువ్వాలు కనిపించింది. ఉన్నది ఉన్నట్టు పట్టుకునే పనిలో భాగంగా తువ్వాలు తీసేశారు. దాని కింద ఉన్న బకెట్టూ తీసేశారు. పిల్ల పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ ముట్టుకోని చెక్క గుర్రాన్ని అటక మీద నుంచి దింపి, నిత్యం అక్కడే ఉన్నట్టు ఒక మూల పెట్టారు. నా చేతికి ఒక తెల్ల దుప్పటి ఇచ్చి కిటికీ పక్కన నిలబెట్టారు. వెలుగును పిల్ల ముఖం మీదికి మళ్ళించే బాధ్యత నాది. కనుక ఈ నేరంలో నాకూ వాటా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

నాలుగోసారికి ముందు బావగారు అక్కయ్య వైపు తిరిగారు. “ఇందాక కళ్ళ నీళ్ళు పెట్టుకున్నావు చూడు, అలా మళ్ళీ ఒకసారి కానీ.”

“ఇందాకటివి అయిపోయాయండీ” అంది అక్కయ్య.

“నాన్నా, దానికి నిద్ర వస్తోంది” అని మేనకోడలు.

“ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టు తల్లీ, బంగారు వెలుగు వస్తుంది.”

సూర్యుడు దిగే వేళ వెలుగు ఏటవాలుగా, మెత్తగా పడుతుందనీ, అప్పుడు తీసిన ముఖం మీద నల్లని నీడలు పడవనీ ఆయన మాకు బోధించారు. నిజమే. అయితే సూర్యుడు తన దారిన దిగుతాడు, పది నెలల పిల్ల తన దారిన నిద్రపోతుంది. వాళ్ళిద్దరి వేళలు కలపడం పంచాంగకర్తల వల్ల కూడా కాదు. ఆరోసారికి పిల్ల సమ్మెకు దిగి నేల మీద బోర్లా పడుకుంది. ఏడోసారి కెమెరా వెనక తాళాల గుత్తి గలగలలాడించారు. ఏడుస్తూనే లేచింది, తాళాల కోసం రెండడుగులు వేసింది. సెకనుకు ఇరవై చొప్పున ఫోటోలు పడ్డాయి. వాటిలో ఏడుపు మొహం నవ్వులా కనిపించే ఒక్కదాన్ని ఏరి, వెనక గోడను మసక చేసి, బంధువులందరికీ పంపించారు. కింద రాసిన మాట: “ఊహించని క్షణం.”

1838లో, ఫోటో తీసే పద్ధతిని కనిపెట్టిన తొలివాళ్ళలో ఒకడైన దాగేర్ పారిస్‌లో ఒక వీధిని పైనుంచి ఫోటో తీశాడు. పలక మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టే కాలం అది. వీధిలో కదులుతున్న బండ్లూ మనుషులూ ఒక్కటీ అందులో నిలవలేదు. బూటు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. ఫోటోలో పడిన తొలి మనుషుల్లో ఆయనను చెప్పుకుంటారు. సహజంగా ఉండమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే సహజంగా ఉన్నాడు, అదృష్టవంతుడు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు, 1888లో, అమెరికాలో ఈస్ట్‌మన్ అనే వ్యాపారి తన కోడక్ కెమెరాను అమ్ముతూ “మీట మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం” అని ప్రకటించాడు. అందులో వంద ఫోటోలకు సరిపడా ఫిల్ము ఉండేది. అది అయిపోయాక కెమెరాను పెట్టెతో సహా కంపెనీకి పంపితే వాళ్ళే ఫిల్ము కడిగి ఫోటోలు వేసి ఇచ్చేవారు. మా ఇంట్లో ఈ మాట తిరగబడింది. మీట బావగారు నొక్కుతారు, మిగతాదంతా మేం చేస్తాం. నడుస్తాం, నవ్వుతాం, దుప్పట్లు పట్టుకుంటాం. వంద దగ్గర ఆగే ఫిల్ము కూడా లేదాయె.

ఇక ప్రకృతి. పదకొండు గంటల ఎండలో పూలరేకుల మీద ఇస్త్రీ నీళ్ళ సీసాతో చిమ్మి ‘తొలి మంచు’ అని పేరు పెట్టడం లాంటివి నేను పట్టించుకోను. పువ్వుకు పోయేదేమీ లేదు, కాసిన్ని నీళ్ళు దక్కాయి.

పెరట్లో పిట్ట గూడు సంగతి అలా కాదు. నడుమెత్తు పొదలో గూడు, అందులో మూడు పిల్లలు. ఈకలు లేవు, కళ్ళు తెరవలేదు. బావగారూ, ఆయన లాంటి మరో ఇద్దరు కళాప్రియులూ మూడు ట్రైపాడ్లు తెచ్చి పాతారు. గూటి మీద ఆకులు అడ్డం వస్తున్నాయని నాలుగు కొమ్మలు కత్తిరించారు. అడ్డం! ఆ ఆకులు మీ లెన్స్‌కు అడ్డంగా పెరిగాయనుకున్నారా బావగారూ? ఎండకు అడ్డం అవి, కాకి కంటికి అడ్డం. ఈకలు రాని పిల్లకు తన ఒంటి వేడిని నిలుపుకోవడం రాదు, నడినెత్తిన ఎండ పడితే తట్టుకోవడం రాదు. తల్లి పిట్ట ముక్కున పురుగు పట్టుకుని గోడ మీద ఇటు గెంతుతోంది, అటు గెంతుతోంది, దిగడం లేదు. ముగ్గురు మనుషులు కదలకుండా నిలబడి ఉన్న చోటికి ఎలా దిగుతుంది? మీ చెయ్యి తగిలి గూడు కదిలితే అమ్మ వచ్చిందనుకుని ఆ మూడూ నోళ్ళు తెరిచాయి. ఎర్రటి మూడు నోళ్ళు. చాలా స్పష్టంగా వచ్చింది ఫోటో. దానికి ‘ఆకలి’ అని పేరు పెట్టడానికి సిగ్గు లేకపోయిందా? ఆ ఆకలి పెట్టింది ఎవరు? మర్నాడు పొద్దున గూడు ఒక పక్కకు ఒరిగి ఖాళీగా ఉంది. దానికి మాత్రం మీరు ఫోటో తీయలేదు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో బెంట్లీ అనే రైతు ఉండేవాడు. 1885లో కెమెరాను సూక్ష్మదర్శినికి తగిలించి ఒక్కొక్క మంచు రేకును ఫోటో తీయడం మొదలుపెట్టాడు. బతికినంతకాలం తీసినవి అయిదు వేలకు పైనే. ఆయన వృత్తి ఫోటోలు కాదు, వ్యవసాయం. మంచు రేకు కరిగిపోతుందని చలిలో తన ఊపిరి తాను బిగబట్టుకునేవాడు. వీళ్ళు పిట్టల ఊపిరి ఆపుతున్నారు. పురుగు కదలకూడదని ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీసి ఫోటో తీసేవాళ్ళు కూడా ఉన్నారు. బావగారికి ఈ ఉపాయం ఇంకా తెలియదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

ఈ మాటలన్నీ ఆయన ముఖానే అన్నాను. నాలుగు రోజులు మాటల్లేవు. అయిదో రోజు వచ్చి, కిటికీ దగ్గర కోపంగా పేపరు చదువుతుంటే నా ముఖం బాగుందని చెప్పి, కాస్త ఎడమకు తిరగమన్నారు.

పిల్ల ఇప్పుడు బాగా నడుస్తోంది. వాకిలి దాకా ఒక్కతే వెళుతుంది. వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి మా అందరి ముఖాలూ చూస్తుంది. ఎవరూ ఏమీ అనకపోతే తనంతట తానే బల్ల దగ్గరికి వచ్చి, కాలు పట్టుకుని నిలబడి, మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది.