వార్డు గేటుకు తాళం ఎందుకు?

ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే విశాఖలో ‘చినవాల్తేరులో చేర్పించాలి’ అనేస్తాం. ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడుంది కాబట్టి ఆ మాట. అన్నవాళ్లూ విన్నవాళ్లూ నవ్వుకుంటారు. శ్రీకాకుళం నుంచో మన్యం నుంచో బస్సెక్కి బిడ్డను తీసుకొచ్చే తల్లికి అందులో నవ్వొచ్చేదేమీ ఉండదు. ఇలాంటి ఆసుపత్రి ఏదైనా సరే, బిడ్డ లోపలికి వెళ్లాక గడియ పడిన చప్పుడు ఆమె చెవిలో ఉండిపోతుంది.

తాళం తీస్తే పారిపోతారు, ప్రాణం తీసుకుంటారు అన్న భయం కొట్టిపారేసేది కాదు. అయితే జర్మనీలో 21 ఆసుపత్రుల పదిహేనేళ్ల రికార్డులు తిరగేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తాళాలున్నచోట ఆ రెండూ తక్కువేమీ కనిపించలేదు. అక్కడి సిబ్బంది సంఖ్య వేరంటారా? నిజమే, అసలు పేచీ అక్కడే. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950లలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యం చేశారు. మనిషి పక్కన మనిషి ఉండాలని ఆయన పేద దేశంలోనే గ్రహించారు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. గొలుసులు వేయడం, ఒంటరి గదిలో బంధించడం నిషేధం. రోగి కోరితే సొంత బట్టలు వేసుకోవచ్చు. సిబ్బంది చాలరన్న సాకుతో కట్టేయకూడదనీ రాశారు. తాళం సంగతి అంతే సూటిగా ఎవరూ అడగడం లేదు. రాత్రి డ్యూటీలో నర్సులు చాలని చోట ఆ డ్యూటీ తాళంకప్పే చేస్తుంది.

భోజనం, మాత్రలు అయ్యాక సాయంత్రం టీ వచ్చేదాకా చేయడానికేమీ లేని వార్డులో ఎంత ఆరోగ్యవంతుడైనా గేటు వైపే చూస్తాడు. క్యారమ్ బోర్డు గోడకు ఆనించి ఉంటుంది, స్ట్రైకర్ బీరువాలో ఉంటుంది, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇంత విసుగు పుట్టించి, ఆ విసుగుతో కేకలేస్తే దాన్నీ జబ్బు ఖాతాలోనే రాస్తాం.

కొందరిని కొన్ని రోజులు గేటు దాటనివ్వలేం, ఒప్పుకుంటాం. ఒక్కరి కోసం వార్డంతటినీ మూసేయడమే మాకు సమ్మతం కాదు. ముందు ఒక్క వార్డు, అదీ పగటిపూట తెరిచి చూడమంటున్నాం. గేటు దగ్గర ఒక కుర్చీ వేసి, లోపలివాళ్లను పేరు పెట్టి పిలవగలిగే మనిషిని కూర్చోబెట్టాలి. కుర్చీ ఆసుపత్రి వాళ్లే వేసుకోగలరు. ఆ మనిషి పోస్టును ప్రభుత్వం మంజూరు చేయాలి.