సవరణ: ఎలుక పరీక్ష, మనిషి పరీక్ష ఒకటి కావు

మొన్నటి పోస్టులో, ధ్యాసను కొలవడానికి ఎలుకలకు పెట్టే అయిదు రంధ్రాల పరీక్షా, మనుషులకు పెట్టే సీపీటీ (కంటిన్యువస్ పెర్ఫార్మెన్స్ టెస్ట్) పరీక్షా ఒకటేనని రాసేశాను. తప్పు నాదే.

1956లో రోస్‌వోల్డ్ బృందం తెచ్చిన సీపీటీలో కళ్ల ముందు అక్షరాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. ఎక్స్ వస్తేనే నొక్కాలి, మిగతావాటికి చెయ్యి కదపకూడదు. ఎలుకకేమో ప్రతిసారీ అయిదింటిలో ఏదో ఒక రంధ్రంలో అర సెకను పాటు లైటు వెలుగుతుంది. అక్కడ ముక్కు దూరిస్తే తిండి గుళిక. "ఇది కాదు, ఊరుకో" అనే సందర్భమే దానికి రాదు. ఇక మనిషి అనవసరంగా నొక్కిన లెక్కను దేనితో పోలుస్తాం?

ఇంకోటి. లైటు వెలగకముందే ముక్కు పెట్టడాన్ని ధ్యాస తప్పడం కింద వేశాను. దాన్ని తొందరపాటుగా లెక్కిస్తారు, శిక్షగా కొన్ని సెకన్లు పెట్టెలో చీకటి చేస్తారు. అసలు ముక్కే పెట్టకపోతే అది ధ్యాస లోపమేనని కచ్చితంగా చెప్పలేం, ఆకలి లేకపోయినా ముక్కు పెట్టదు. (అందుకే ముందుగా తిండి తగ్గిస్తారు, పాపం.)

సీపీటీకి కాస్త దగ్గరగా ఉండేది 1995లో మెక్‌గాగీ, సార్టర్ వివరించిన రెండు మీటల పరీక్ష. అందులో లైటు వెలగలేదని చెప్పడానికి ఎలుకకు వేరే మీట ఉంటుంది.